చేతులు ఆమెవి, సంతకాలు వేరేటోళ్లవి

శకుంతల కథ మనకు కొత్తది కాదు. బడి పుస్తకంలనో, ఊర్ల ఆడిన నాటకంలనో, పాత సినిమాలనో ఎక్కడో ఒక్కకాడ విన్నదే. రాజు ఉంగరం ఇస్తడు. ఆ ఉంగరం నీళ్లల్ల పోతది. కడుపుతోని ఉన్న ఆడిబిడ్డ నిండు కొలువుల నిలబడితే, నువ్వెవరో నాకు ఎరుక లేదంటడు. ఏండ్లు గడిచినంక గుర్తు చేసుకొని, ఆమె ముంగట మోకరిల్లుతడు.

ఈ కథ మనదగ్గరి నుంచి ఫ్రాన్స్‌దాక పోయింది. 1886ల పారిస్‌ల ఒక 21 ఏండ్ల పిల్ల దాన్ని పట్టుకొని మట్టి పిసికింది. కొలువుల అవమానం కాదు, ఆఖర్ల కలుసుకునే గడియను ఎంచుకున్నది. రాజు మోకాళ్ల మీద ఉంటడు. రెండు చేతులతోని ఆమెను చుట్టుకొని, మొఖం మీదికెత్తి చూస్తుంటడు. శకుంతల ఒళ్లు అలసిపోయినట్టు అతని మీదికి వాలుతది. మనిషికన్న పెద్ద సైజుల చేసిన ఆ బొమ్మకు 1888ల పారిస్ సలోన్ అనే పెద్ద కళా ప్రదర్శనల ప్రశంసా బహుమతి వచ్చింది.

ఆ పిల్ల పేరు కామిల్ క్లోడెల్. కాళిదాసు శకుంతలకు ఆఖరికి గుర్తింపు దొరికింది. ఆ శకుంతలను చెక్కిన కామిల్‌కు బతికుండంగ అది దక్కలే. ఆమె గురించి సినిమాలు వచ్చినయి, పుస్తకాలు వచ్చినయి. ఎక్కువశాతం వాటిల్ల ఆమె ఒక పెద్ద శిల్పి ప్రేమల పడి పిచ్చిదైన ఆడది. ఆ మాట పూరాగ అబద్ధం కాదు. కని ఆ ఒక్క మాటతోని కథ ముగిస్తే అసలు సంగతి పక్కకు పోతది. ఆమె చేతుల పనితనాన్ని ఎవరూ కాదనలే. కాదన్నదంతా కాగితాల మీద. ఏ కాగితం మీద ఎవరి సంతకం పడ్డదో చూసుకుంట పోతే కామిల్ బతుకు మొత్తం కనపడ్తది.

నాయిన బదిలీలు, నోజాన్ మట్టి

కామిల్ 1864 డిసెంబర్ 8న ఉత్తర ఫ్రాన్స్‌ల ఫేర్-ఆన్-తార్దెనువా అనే చిన్న ఊర్ల పుట్టింది. నాయిన లూయీ-ప్రోస్పేర్ సర్కారు నౌకరిదారు. ఆస్తుల తాకట్లు, రిజిస్ట్రేషన్లు చూసే పని. బదిలీల నౌకరి కాబట్టి కుటుంబం ఊరు మారుకుంట తిరిగింది. కామిల్ కంటె ముందు పుట్టిన మగపిల్లగాడు 15 దినాలకే పాణం ఇడిచిండు. కామిల్ తర్వాత చెల్లె లూయీజ్, ఆ తర్వాత 1868ల తమ్ముడు పాల్ పుట్టిన్రు. ఈ పాల్ క్లోడెలే పెద్దగైనంక ఫ్రాన్స్‌ల పేరున్న కవి, రాయబారి అయిండు. తల్లికి మాత్రం కామిల్ మీద ఎన్నడూ మనసు ఆగలే.

1876ల కుటుంబం నోజాన్-సుర్-సెన్ అనే ఊరికి వచ్చింది. కామిల్‌కు అప్పుడు పన్నెండేండ్లు కూడ నిండలే. మట్టి బొమ్మల పిచ్చి అక్కడనే పట్టుకున్నది. ఇంట్ల ఎవరు దొరికితే వాళ్లను కూసోబెట్టేది. చెల్లె, తమ్ముడు, పనిమనిషి అందరూ ఆమెకు మోడళ్లే. నెపోలియన్‌ను చేసింది. జర్మనీ బిస్మార్క్‌ను చేసింది. బైబిల్ కథల దావీదు, గొల్యాతులను చేసింది. నేర్పెటోళ్లు ఎవరూ లేరు. అదే ఊరికి చెందిన ఆల్ఫ్రెడ్ బుషే అనే శిల్పి ఆ బొమ్మలు చూసి, ఈ పిల్ల చేతుల విద్య ఉన్నది, ఆపొద్దని నాయినకు చెప్పిండు.

నాయిన ఆపలే. 1881ల పెండ్లాం పిల్లలను చదువు కోసం పారిస్‌ల పెట్టి, తాను నౌకరి ఊర్ల ఒక్కడే ఉన్నడు. బిడ్డ శిల్పం చెక్కుడేందని ఇంట్ల తల్లి గునిసినా ఆయన మాట మార్చలే. తాను పోయేదాక కామిల్ పక్కకు నిలబడ్డ ఇంటిమనిషి ఆయన ఒక్కడే. ఈ సంగతి యాదిల పెట్టుకోండ్రి, ముందల పని పడ్తది.

బడి గేటు కాడ

పారిస్‌ల శిల్పం నేర్పే పెద్ద సర్కారు బడి ఉండె. ఎకోల్ దె బోజార్ అంటరు. దాంట్ల చదివినోళ్లకే పెద్ద బహుమతులు, సర్కారు ఆర్డర్లు దొరికేటియి. కని ఆడోళ్లకు ఆ బడిల సీటు లేదు. 1897ల గాని ఆ గేటు తెరవలే. అప్పటికి కామిల్‌కు 32 ఏండ్లు.

అందుకే ఫీజు కట్టి కొలరోసీ అకాడమీ అనే ప్రైవేటు బడిల చేరింది. ఆడపిల్లలు మనిషి ఒళ్లును చూసి నేర్చుకునే వీలు అసొంటి కొన్నికాడ్లనే ఉండె. మనిషి ఒళ్లు చూడకుండ, ఎముక ఎక్కడున్నదో, కండ ఎట్ల మలుగుతదో ఎరుక లేకుండ శిల్పం రాదు. ఆడోళ్లకు అది చూసుడే తప్పని చెప్పి, మల్ల ఆడోళ్లల్ల గొప్ప శిల్పులు ఎందుకు లేరని అడిగే రోజులవి.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన జెస్సీ లిప్స్‌కోంబ్ అసొంటి దోస్తులతోని కలిసి కామిల్ ఒక గది కిరాయికి తీసుకున్నది. బుషే వచ్చి తప్పులు దిద్దిపోయేటోడు. 1882ల ఆయన ఇటలీకి పోవాల్సి వచ్చింది. తన బదులు ఈ పిల్లలను చూసుకొమ్మని ఒక తోటి శిల్పికి అప్పజెప్పిండు. ఆ శిల్పి ఆగస్త్ రోడిన్. కామిల్ కంటె 24 ఏండ్లు పెద్ద.

రోడిన్ కార్ఖాన

రోడిన్ పేరు అప్పుడే పైకి లేస్తున్నది. నరకద్వారం అనే పెద్ద తలుపుల ఆర్డర్ సర్కారు నుంచి 1880లనే వచ్చింది. కాలే పట్నపు పెద్దమనుషుల విగ్రహాల పని కూడ నడుస్తున్నది. పని మస్తుగున్నది, చేతులు కావాలె. 1884 సుమారుల కామిల్ ఆయన కార్ఖానల చేరింది.

ఆ పని ఎట్ల నడుస్తదో తెలుసుకుంటే మిగిలిన కథ అర్థమైతది. శిల్పి మొదలు మట్టితోని బొమ్మ చేస్తడు. మట్టి ఎండితే పగుల్తది కాబట్టి అచ్చు తీసి ప్లాస్టర్ పోస్తరు. మన వినాయకుల బొమ్మలకు వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అదే. పారిస్ చుట్టుపట్ల దొరికిన జిప్సం రాయితోని చేసేటోళ్లు కాబట్టి దానికి ఆ ఊరి పేరు వచ్చింది. ఆ ప్లాస్టర్ బొమ్మను చూసి ఎవరన్న ఆర్డర్ ఇస్తేనే దాన్ని కంచుల పోస్తరు, లేకుంటే పాలరాయిల చెక్కుతరు. పాలరాయికి పైసలు కావాలె. కంచుకు సుత కావాలె. పోత పోసెటోళ్లకు, మోడళ్లకు కూలి ఇయ్యాలె. కవికి కాగితం, కలం ఉంటే చాలు. శిల్పికి పెట్టుబడి లేకుంటే పని ప్లాస్టర్ కాడనే ఆగిపోతది.

రోడిన్ కార్ఖానల చానమంది పని చేసేటోళ్లు. పాలరాయిని ఆయన స్వయంగ చెక్కుడు చాన తక్కువ, పనోళ్లే చెక్కేటోళ్లు. కామిల్‌కు ఇచ్చింది చేతులు, కాళ్ల పని. మనిషి బొమ్మల కష్టమైనవి అవే. వేలు ఒక్క గింజంత పక్కకు పోయినా బొమ్మ అబద్ధమాడ్తది. మోడలింగ్ అటుంచి, పాలరాయిల ఉలి పట్టి చెక్కుడు కూడ ఆమెకు వచ్చు. ఆ కాలపు శిల్పులల్ల అది అందరికీ లేని విద్య. కని కార్ఖాన నుంచి బయటికి పోయే ప్రతి బొమ్మ మీద రోడిన్ సంతకమే ఉండేది. ఇది ఒక్క కామిల్‌కు చేసిన అన్యాయం అనలేం. ఆ కాలంల పెద్ద శిల్పుల కార్ఖానలన్నీ గట్లనే నడిచినయి, మగ పనోళ్ల పేర్లు సుత బయటికి రాలే. తేడా ఏందంటే, మగోడు కొన్నేండ్లకు తన దుకాణం తాను పెట్టుకుంటే ఆర్డర్లు ఇచ్చెటోళ్లు ఉండిరి. ఆడిదానికి ఆ తొవ్వ లేకుండె.

పని నడుమ ప్రేమ పుట్టింది. రోడిన్‌కు అప్పటికే రోజ్ బరే అనే ఆమెతోని ఇరవై ఏండ్ల కాపురం ఉన్నది, కొడుకున్నడు, తాళిబొట్టు లెక్క పెండ్లి కాగితం ఒక్కటే లేదు. 1886 అక్టోబర్‌ల రోడిన్ కామిల్‌కు ఒక కాగితం రాసిచ్చిండు. ఇంక వేరే ఆడ శిష్యులను పెట్టుకోనని, ఆమెను పెండ్లి చేసుకుంటనని దాంట్ల మాట ఇచ్చిండు. కామిల్ శకుంతల మొదలుపెట్టింది గా ఏడాదే. కాగితం మీది సంతకం నిలవలే. రోడిన్ ఏనాడూ రోజ్‌ను ఇడవలే. ఆఖరికి 1917ల, చావు దగ్గర పడ్డంక, రోజ్‌నే పెండ్లి చేసుకున్నడు.

బట్ట కప్పమన్న ఆఫీసర్లు

1892, 93ల నడుమ కామిల్ రోడిన్ నుంచి దూరం జరిగింది. రాకపోకలు ఒక్కదినంల తెగలే, ఇంక కొన్నేండ్లు పట్టింది. కని పని మాత్రం తనది తాను మొదలుపెట్టింది. ఆమె పెద్ద బొమ్మలు చానమట్టుకు ఆ పదేండ్లల వచ్చినవే.

వాల్ట్స్ అనే నాట్యం మీద ఒక బొమ్మ చేసింది. ఆడ, మగ ఇద్దరు ఒకరినొకరు పట్టుకొని తిరుగుతుంటరు, ఇద్దరూ ఒకదిక్కు ఒరిగి పడిపోయేటట్టు ఉంటరు, కని పడరు. దాన్ని పాలరాయిల చేసేందుకు సర్కారు ఆర్డర్ అడిగింది. తనిఖీకి వచ్చిన ఆఫీసర్ పనితనం బాగున్నదని మెచ్చుకున్నడు. కని బట్టలు లేని ఇద్దరు ఇంత దగ్గరగ ఉండుడు బాగలేదని, ఏమన్న కప్పమని రాసిండు. అప్పటికి పారిస్‌ల మగ శిల్పులు బట్టలు లేని బొమ్మలు వందలు చేసి పెట్టిన్రు, వాటికి సర్కారు పైసలు ఇచ్చింది. కామిల్ మాత్రం నెలలకు నెలలు కూసోని, నడుము కింద తిరిగే గాలి లెక్క ఒక కుచ్చుల పావడా చెక్కింది. ఆ పావడాతోనే బొమ్మకు ఇంక ఊపు వచ్చింది. తనిఖీ ఆఫీసర్ ఈసారి సరే అన్నడు. మీది ఆఫీసర్ సంతకం పెట్టలే. ఆర్డర్ రాలే.

శకుంతల సంగతి ఇంకో తీరు. ఆ ప్లాస్టర్ బొమ్మను 1895ల షాతోరూ అనే పట్నం మ్యూజియానికి ఇచ్చిన్రు. అక్కడి జనం కొంతమంది దాన్ని చూసి ఎక్కిరించిన్రు. మన కాళిదాసు కథ ఎంతదూరం పోయిందో అని మనం మురుస్తం. అంతదూరం దాన్ని మోసుకపోయిన పిల్లకు దక్కింది నవ్వులాట.

రోడిన్ నీడ నుంచి బయటపడాలని కామిల్ కొత్త తొవ్వ పట్టింది. దేవుళ్లు, వీరులు కాకుండ, రోజూ కండ్ల ముంగట కనపడే బతుకును చిన్న బొమ్మలల్ల చెక్కింది. రైలు డబ్బాల కూసున్న ఆడోళ్లను చూసి చేసిన బొమ్మ ఒకటున్నది. నలుగురు ఆడోళ్లు ఒక మూలకు దగ్గరదగ్గర కూసుంటరు. ఒకామె ఏదో గుట్టు చెప్తుంటది, మిగిలిన ముగ్గురు మెడలు సాపి ఇంటుంటరు. మొత్తం మూరెడంత బొమ్మ. మన వాకిట్ల అరుగు మీద పొద్దూకి కూసునే ముచ్చట్లు చూసినోళ్లకు ఆ మెడలు, ఆ వీపులు ఎక్కడియో చెప్పే పని లేదు. దాన్ని 1897ల ఆకుపచ్చ ఓనిక్స్ రాయిల చెక్కింది. ఆ రాయి గట్టిది, తొందరగ పగులుతది, ఉలికి లొంగది. ఇంకో బొమ్మల ముగ్గురు చిన్న ఆడోళ్లు చేతులు పట్టుకొని నిలబడితే వాళ్ల మీదికి ఇంటంత అల లేస్తుంటది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ అల బొమ్మ ఆ రోజులల్ల పారిస్‌ల అందరి నోట్ల ఉండె. దాని ఛాయ దీంట్ల కనపడ్తది.

ఇవి చూస్తే ఎవరికన్న ఎరుకైతది, రోడిన్ చేసే పని ఇది కాదని. అయినా పేపర్లల్ల ఆమె గురించి ఏం రాసినా ముందు రోడిన్ పేరు, తర్వాతనే ఆమె పేరు. మెచ్చుకునెటోళ్లు సుత రోడిన్ శిష్యురాలు అనే మాట ఇడవకపోయిరి.

మూడు బొమ్మలు, ఒక రద్దు

1895ల సర్కారు ఆఖరికి ఒక ఆర్డర్ ఇచ్చింది. అది ఆమె బొమ్మలల్ల అందరూ చెప్పుకునేది. ముదిమి అని పేరు. మూడు బొమ్మలు ఉంటయి. నడీడు దాటిన మగమనిషిని ఒక ముసలామె పట్టుకొని ముందలికి గుంజుకపోతుంటది. వెనుక ఒక యువతి మోకాళ్ల మీద ఉండి రెండు చేతులు సాపుతది. ఆమె వేళ్లకు, అతని చేతికి నడుమ ఇంత సందు. ఆ సందులనే కథంత ఉన్నది. చెయ్యి ఇప్పుడే జారిపోయిందా, అసలు అందనే లేదా అనేది చూసెటోళ్లు ఎవరికి వాళ్లు అనుకోవాలె.

జనం దీన్ని రోడిన్, రోజ్, కామిల్‌ల కథ అనే చదివిన్రు. తమ్ముడు పాల్ సుత గట్లనే చూసిండు. కని వయసు పోయి ముసలితనం మనిషిని చావుదిక్కు నడిపించుడు అనేది కూడ ఆ బొమ్మల అంతే నిజం. ఒక మగోడు ప్రేమల ఓడిపోయి బొమ్మ చేస్తే మనిషి బతుకును చెక్కిండు అంటం. ఆడిది చేస్తే ఆమె సొంత గోడు అంటం. ఈ అలవాటు ఇయ్యాల్టికీ పోలే.

ప్లాస్టర్ అయింది. పైసలు ఇచ్చిన్రు. 1899ల దాన్ని కంచుల పోసేందుకు ఆర్డర్ తయారైంది, మల్ల రద్దయింది. దీని వెనుక రోడిన్ ఉన్నడని కామిల్ నమ్మింది. అయితే రోడిన్ అంతకుముందు ఆమె కోసం పెద్దోళ్లకు సిఫారసులు చేసిన సంగతి కూడ లెక్కల ఉన్నది. సర్కారు ఇడిచిపెట్టిన బొమ్మను ఒక సైనిక కెప్టెన్ తన పైసలతోని కంచుల పోయించిండు. 1903ల దాన్ని ప్రదర్శనల పెట్టిన్రు. ఇయ్యాల ఆ కంచు బొమ్మ పారిస్ ఓర్సే మ్యూజియంల ఉన్నది. అప్పట్ల వద్దన్న సర్కారే 1982ల దాన్ని కొనుక్కున్నది.

సుత్తె తనమీదికే

1899 నుంచి కామిల్ సీన్ నది నడుమ ఉన్న సేంత్-లూయీ దీవిల ఒక పాత ఇంట్ల కింది అంతస్తుల ఉన్నది. అదే ఇల్లు, అదే పనిగది. కిరాయి బాకీ పడేది. కొన్నప్పుడు తినేతందుకు సుత ఉండకపోయేది. నాయిన తల్లికి తెల్వకుండ పైసలు పంపేటోడు. యూజీన్ బ్లో అనే కళావ్యాపారి ఆమె బొమ్మలను కంచుల పోయించి అమ్మేతందుకు చూసిండు, 1905ల పెద్ద ప్రదర్శన పెట్టిండు. మెచ్చుకున్నోళ్లు ఉన్నరు, కొన్నోళ్లు లేరు. 1906ల సర్కారు నుంచి ఒక కంచు బొమ్మ ఆర్డర్ వచ్చింది. గాయపడ్డ నియోబె బిడ్డ బొమ్మ అది. దాంట్ల ఉన్నది మన శకుంతల ఒళ్లే, పక్కకు రాజు లేడు, రొమ్ము మీద బాణం దిగిన గాయం ఉన్నది.

అప్పటికే మనసు చెదిరింది. రోడిన్ మనుషులు తన ఆలోచనలు దొంగిలిస్తున్నరని, తిండిల విషం కలుపుతరని భయపడేది. ఇది నిజమైన జబ్బు, దీన్ని దాచిపెట్టి ఆమెను దేవతను చేసే అక్కర లేదు. తలుపులు, కిటికీలు బిగించుకొని, పిల్లులతోని ఒక్కతే ఉండేది. చేసిన బొమ్మలను సుత్తెతోని తానే పగలగొట్టి, ఆ ముక్కలను బండిల ఏసి పంపేది. ఎన్ని పోయినయో లెక్క లేదు. దొంగిలిస్తరేమో అని భయపడ్డ మనిషి, దొంగిలించే వీలే లేకుండ చేసుకున్నది.

ఎనిమిది దినాలు

నాయిన 1913 మార్చి 2న పోయిండు. కామిల్‌కు ఎవరూ చెప్పలే. ఆమె అంత్యక్రియలకు పోలే. అప్పటికి అమల్లున్న 1838 చట్టం ప్రకారం, ఇంటోళ్లు దరఖాస్తు పెట్టి, ఒక డాక్టర్ కాగితం జతచేస్తే ఒక మనిషిని పిచ్చాసుపత్రిల ఏసే వీలుండె. తల్లి సంతకం పెట్టింది. డాక్టర్ కాగితం తయారైంది. తమ్ముడు పాల్ దీంట్ల ముందున్నడు. మార్చి 10న మనుషులు ఆ ఇంటికి వచ్చి కామిల్‌ను పారిస్ దగ్గర విల్-ఎవ్రార్ దవాఖానకు తోలుకపోయిన్రు.

నాయిన పోయి ఎనిమిది దినాలే. ఒక్క మనిషి అడ్డం తప్పుకున్నడు, ఇంట్ల మిగిలినోళ్లందరూ ఒక్కటైన్రు. ఆమెకు వైద్యం అక్కరనే. కని వైద్యం వేరు, తాళం ఏసుడు వేరు.

ఈ సంగతి కొన్ని పేపర్లల్ల వచ్చింది. ఇంత పెద్ద శిల్పిని ఎందుకు బంధించిన్రని రాసిన్రు. దానికి ఇంటోళ్లు చేసిందేందంటే, ఆమె ఉత్తరాలను, ఆమెను చూడవచ్చెటోళ్లను ఆపించిన్రు. 1914ల మొదటి ప్రపంచయుద్ధం వచ్చి జర్మన్లు పారిస్ దిక్కు నడుస్తుంటే, రోగులను దక్షిణాదికి మార్చిన్రు. కామిల్‌ను అవిన్యోన్ దగ్గరి మోంద్‌వెర్గ్ దవాఖానకు పంపిన్రు. యుద్ధం 1918ల ముగిసింది. ఆమె అక్కడనే ఉండిపోయింది.

ముప్పై ఏండ్లు

1920ల అక్కడి డాక్టర్ తల్లికి ఉత్తరం రాసిండు. ఆమె ఇప్పుడు నిమ్మళంగ ఉన్నది, ఇంటికి తీసుకపోయి చూడొచ్చనేది దాని సారం. తల్లి ఒప్పుకోలే. ఇంటికి కాకపోతే ఇంటి దగ్గరి దవాఖానకైనా మార్చమంటే, దానికీ ఒప్పుకోలే. 1929ల ఆ తల్లి చచ్చిపోయేదాక, 16 ఏండ్లల, బిడ్డను చూసేతందుకు ఒక్కసారి పోలే.

తమ్ముడు పాల్ టోక్యోల, వాషింగ్టన్‌ల ఫ్రాన్స్ రాయబారిగ పనిచేసిండు. పెద్ద బంగ్లా కొన్నడు. భక్తి కవిత్వం రాసిండు. తల్లి పోయినంక అక్కను బయటికి తెచ్చే వీలు ఆయన చేతులనే ఉండె. 30 ఏండ్లల పట్టుమని 15 సార్లు సుత అక్కకాడికి పోలే. దేశాలు దాటి నౌకరి చేసిండు, నిజమే. దేశంల ఉన్నప్పుడు సుత తొవ్వ తిరగలే.

పాత దోస్తు జెస్సీ లిప్స్‌కోంబ్ మాత్రం 1929ల మొగుడిని ఎంట పెట్టుకొని ఇంగ్లండ్ నుంచి వచ్చింది. ఆ రోజు తీసిన ఫొటో ఉన్నది. కుర్చీల కూసున్న ముసలామె, రెండు చేతులు ఒంటికి అదుముకొని ఉంటది. పక్కకు జెస్సీ. పారిస్‌ల ఒక్క గదిల ఉలి పట్టిన ఇద్దరు పిల్లలు వాళ్లు. ఆ ఫొటోల చూడాల్సింది మొఖం కాదు, చేతులు. రాయిని మెత్తగ చేసిన ఆ చేతులకు ముప్పై ఏండ్లు పని లేదు. ఆ దవాఖానల ఆమె ఒక్క బొమ్మ సుత చెయ్యలే. చలికి గదుల గడ్డకట్టుకపోతున్నమని, తిండి బాగలేదని, ఇంటికి తీసుకపోండ్రని ఉత్తరాలు మాత్రం రాసింది. వాటిల్ల కొన్ని అడ్రసు చేరకుండనే ఫైళ్లల్ల ఉండిపోయినయి.

రెండో ప్రపంచయుద్ధంల జర్మన్లు ఫ్రాన్స్‌ను పట్టుకున్నంక తిండికి కరువొచ్చింది. పిచ్చాసుపత్రుల రోగులు ఎవరికీ పట్టని మనుషులు. ఆ నాలుగేండ్లల ఫ్రాన్స్ పిచ్చాసుపత్రులల్ల వేల వేల మంది ఆకలికి, చలికి చచ్చిపోయిన్రు. కామిల్ 1943 అక్టోబర్ 19న, 78 ఏండ్ల వయసుల పాణం ఇడిచింది. సాగనంపేతందుకు ఇంటోళ్లు ఎవరూ రాలే. దవాఖాన మనుషులే మట్టి చేసిన్రు. కొన్నేండ్లకు ఆ జాగ వేరే పనికి కావాలని ఎముకలను అందరి ఎముకలతోని కలిపి ఒక్కకాడ ఏసిన్రు. తర్వాత క్లోడెల్ ఇంటోళ్లు అడిగినా, ఆమెవి ఏవో చెప్పెటోళ్లు లేకపోయిరి. మనుషుల వేళ్లు, కాళ్లు, మెడలు ఒక్కొక్కటి వేరువేరుగ గుర్తుపట్టి చెక్కిన మనిషికి, తన ఎముకలను గుర్తుపట్టే మనిషి దొరకలే.

మల్ల పేరు ఎట్ల వచ్చింది

1951ల పారిస్ రోడిన్ మ్యూజియంల ఆమె బొమ్మల ప్రదర్శన పెట్టిన్రు. ఆ మరుసటేడు పాల్ తనకాడున్న అక్క బొమ్మలు కొన్ని ఆ మ్యూజియానికి ఇచ్చిండు. కని పెద్దగ తిరిగి చూసింది 1980లల్లనే. 1984ల పెద్ద ప్రదర్శన జరిగింది. అదే కాలంల పాల్ మనుమరాలు రెన్-మరీ పారిస్, ఏండ్లకేండ్లు కాగితాలు, బొమ్మలు వెతికి కామిల్ జీవితకథ రాసింది. తాళం ఏసిన ఇంటి నుంచే తాళం తీసే చెయ్యి వచ్చింది. 1988ల ఇజబెల్ అజానీ నటించిన సినిమాతోని కామిల్ పేరు దేశాలు దాటింది.

పేరైతే వచ్చింది. దాంతోని ఇంకో చిక్కు కూడ వచ్చింది. రోడిన్ ప్రియురాలు అనే ముద్ర అంతకన్న ముందే నడుస్తది. రోడిన్‌ను దుర్మార్గుడిని చేసి, ఆమెను బలిపశువును చేస్తే మనకు అల్కగ ఉంటది. ఎందుకంటే అప్పుడు తప్పంతా ఒక్క మగోని మీదికి పోతది. సర్కారు బడి గేటు, ఆఫీసర్ రద్దు, చట్టంల ఉన్న సందు, తల్లి సంతకం, తమ్ముని ఊకుండుడు, ఇవన్నీ తప్పించుకుంటయి. రోడిన్ ఇచ్చిన మాట తప్పిండు, అది నిజం. ఆమె దవాఖానల పడ్డంక పైసలు పంపిండు, తన పేరు మీద వచ్చే మ్యూజియంల ఆమె బొమ్మలకు ఒక గది ఉండాలన్నదానికి ఒప్పుకున్నడు, అది కూడ నిజం. ఆయన 1917ల పోయిండు. కామిల్ ఆ తర్వాత 26 ఏండ్లు లోపలనే ఉన్నది. ఆ 26 ఏండ్లకు ఆయనను ఎట్ల బాధ్యున్ని చేస్తం?

ఈ కథ చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లకు ఒక్క మాట. మన ఇండ్లల్ల, పనికాడ, చేతి పని ఒకరిదైతే పేరు ఇంకొకరిది అయ్యేది మనం చూడనిది కాదు. ఎదురు మాట్లాడే ఆడిబిడ్డకు మతి లేదని ముద్ర ఏసుడు కూడ చూడనిది కాదు. ముద్ర ఏసినంక ఆమె ఏం చెప్పినా అది జబ్బు లెక్కలకే పోతది. ఇంటికి పోత అంటే జబ్బు, అన్నం బాగలేదంటే జబ్బు. కామిల్‌కు నిజంగ జబ్బు ఉన్నది, అయినా ఆమె చలి నిజం, ఆమె ఆకలి నిజం. మనసు బాగలేని మనిషి మాటల ఎంత నిజమున్నదో కూసోని ఇనే ఓపిక ఆ ఇంట్ల ఒక్కరికన్న ఉండి ఉంటే, 1920లనే ఆ తలుపు తెరుసుకునేది.

2017 మార్చిల నోజాన్-సుర్-సెన్‌ల ఒక మ్యూజియం తెరిచిన్రు. చిన్న పట్నం అది. క్లోడెల్ కుటుంబం కిరాయికున్న ఇంటిని కూడ ఆ మ్యూజియంల కలుపుకున్నరు. కామిల్ బొమ్మలు 40కి పైగ అక్కడున్నయి. ఇన్ని ఒక్కతాన ఇంకెక్కడ లేవు. పన్నెండేండ్ల పిల్ల ఎవరూ నేర్పకుండ మట్టి పిసికిన వాకిలి అది. లోపల బొమ్మల మీద ఆమె సంతకం ఉన్నది. బయట బోర్డు మీద రోడిన్ పేరు లేదు, పాల్ పేరు లేదు. కామిల్ క్లోడెల్ మ్యూజియం అని రాసున్నది.